కట్టు లేని బుటా

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. రెండేళ్ల కిందటి వానాకాలంలో నేను చేసిన ఒక పాడు పని గురించి. చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందని ఎవరో అన్నారు గానీ, అబ్బే, నాకైతే తగ్గలేదు. మా ఆవిడకు చెప్పాను, షావుకారుకు చెప్పాను, వీధి వీధంతటికీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా అది కొత్తగానే ఉంటోంది.

మాది పెడన. గుంట మగ్గం మీద ముప్పై ఏళ్లుగా నేస్తున్నాను. సాదా చీర, రెండంగుళాల అంచు, పైటకు నాలుగు చారలు. వెంకటపతి నేసిందంటే చిరగదని మా వీధిలో పేరుంది. చిరగదు అంటారు, అంతే. బాగుందని ఒక్కరూ అనలేదు. ముప్పై ఏళ్లు చిరగని చీరలు నేసినవాడికి ఒక్కసారైనా అబ్బ అనిపించుకోవాలని ఉంటుందండీ. నాకు ఆ పిచ్చి బాగా ఉండేది.

తొలకరి వానలకే గుంటలో నీళ్లూరి మగ్గం ఆగిపోయిన ఒక పొద్దున, బందరు నుంచి ఉమామహేశ్వరి గారు వచ్చారు. కాలేజీలో లెక్చరరు. ఆటో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో అడుగులు వెతుక్కుంటూ మా గుమ్మం దాకా వచ్చారు.

"వెంకటపతి గారంటే మీరేనాండీ?"

"నేనేనండీ మేడం గారూ. అటు రాకండి, జారుతుంది. ఇటు నుంచి రండి."

కూర్చుని ఫోన్లో ఒక ఫొటో చూపించారు. సన్నటి నూలు చీర మీద చేత్తో వేసిన జరీ పువ్వులు. ఎక్కడో గోదావరి దాటాక నేస్తారు అలాంటివి.

"మా అమ్మాయి గాయత్రి కోసం అండీ. పెళ్లయి ఏడేళ్లయింది. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. మోపిదేవి స్వామికి మొక్కుకుంది. కొత్త చీర కట్టుకుని తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తానని. షాపులోది వద్దంటోంది, తన కోసమని నేసిందే కావాలట. ఇలాంటి పువ్వులు మీరు వెయ్యగలరా?"

"ఓ, దానికేముందండీ!" అన్నాను.

నా జన్మలో ఒక్క బుటా వేసిన పాపాన పోలేదు. తలుపు వెనకాల మా ఆవిడ భ్రమరాంబ దగ్గింది. ఆవిడ దగ్గు నాకు అర్థమవుతుంది గానీ వినిపించుకోలేదు. మేడం గారు వెళ్లాక అడిగింది.

"ఏం చూసుకుని ఒప్పుకున్నారండీ?"

"నన్ను చూసుకునే ఒప్పుకున్నానే. నాకేం తక్కువ?"

"తక్కువని కాదు. మొక్కు చీర కదా, ప్రయోగాలు దాని మీద చేస్తారా అని."

గుంటలో నీళ్లు తోడి పోసి, ఇసుక వేసి, సన్న నూలు పడుగు ఎక్కించి మొదలుపెట్టాను. బుటా అంటే పెద్ద మాయేం కాదు. మామూలు పేకతో పాటు, పువ్వు ఉండాల్సిన చోట జరీని ఇంకో పేకగా నడపడం. జాకార్డు పెట్టుకున్నవాళ్లకు అట్టలుంటాయి, అవే పోగుల్ని లేపుతాయి. నాకు లేదు కాబట్టి వెదురు పుల్లతో పోగులు ఎంచి లేపుకోవాలి. పువ్వుకొక చిన్న కండె చొప్పున జరీ చుట్టుకుని, అక్కడికక్కడే అటూ ఇటూ తిప్పుతూ నెయ్యాలి. అలా నేస్తే వెనక దారాలు వేలాడవు, చీర ఉన్నన్నాళ్లూ పువ్వు ఉంటుంది. కానీ రోజుకు నాలుగు వేళ్లు కూడా సాగదు.

మొదటి ముక్క వేశాను. పొన్నపువ్వు అనుకుని వేస్తే దోమ వాలినట్టుంది. రెండోది వేశాను. కొంచెం పెద్ద దోమ. వారం రోజులు అలాగే గడిచింది. నడుం పడిపోయింది, చిరాకు నెత్తికెక్కింది. ఫొటోలో పువ్వు మెరుస్తుంది, నాది మెరవదు. ఎందుకు మెరవదు?

అప్పుడు తట్టింది. జరీ పడుగు మీద పొడుగ్గా పడుకుంటేనే మెరుపు. కానీ నాలుగైదు పోగులకోసారి దాన్ని ఒక పోగు కిందకి దూర్చి కట్టెయ్యాలి, అది నేత ధర్మం. ఆ కట్టు దగ్గర మెరుపు తెగుతోంది. నేను కట్లు తీసేశాను. రేకు మొత్తం ఒకే గెంతులో దాటించి, రెండు కొసల్లో మాత్రం ఒక్కొక్క పోగు కింద దూర్చాను. పువ్వుకో కండె అన్నది కూడా మానేసి, ఒకే నాడెతో ఈ పువ్వు నుంచి ఆ పువ్వుకు వెనక నుంచి జరీ లాగేశాను. వేలాడే దారాలు తర్వాత కత్తిరించుకోవచ్చు కదా!

మగ్గం మీద పువ్వు కింది వైపు పడుతుంది, మనకు కనిపించేది వెనక. అందుకని గుంటలో అద్దం పెట్టుకుని చూశాను. ఏం చెప్పమంటారు! బంగారం కరిగించి పోసినట్టుంది. "భ్రమరాంబా!" అని కేక పెట్టాను. ఆవిడ వచ్చి వంగి అద్దంలో చూసి, "బాగుందండీ" అంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి.

ఇంక నన్ను పట్టేవాళ్లెవరు? వీధిలో వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి గుంటలోకి తొంగి చూసి వెళ్లారు. పొద్దునే లేవడం, మగ్గం ఎక్కడం. ఒకటీ రెండూ కాదు, నూట ఎనిమిది పువ్వులు. లెక్క పెట్టుకుని మరీ నేశాను.

చీర దిగాక రాజకుమారక్క వచ్చింది. అక్క మా వీధిలో దారాలు కత్తిరించే మనిషి. జాకార్డు చీరల వెనక వేలాడే దారాలన్నీ ఆవిడ కత్తెర కిందకే వస్తాయి. బట్టకు గాటు పడకుండా, పోగు జారకుండా కత్తిరించడంలో ఆ చేతికి సాటి లేదు. మొగుడు పోయి పదిహేనేళ్లయింది, ఆ కత్తెర మీదే ఒక్కతీ బతుకుతోంది. నాకు సొంత అక్కేం కాదు. కానీ మా అమ్మ పోయినప్పుడు పన్నెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడింది ఆవిడే.

అందరూ పువ్వు చూస్తే అక్క చీర తిరగేసి వెనక చూసింది.

"తమ్ముడూ, దీనికి కట్టు ఏదిరా?"

"ఉందిగా అక్కా, కొసల్లో."

"అదా కట్టు? ఒక్క పోగు! నేను కత్తెర పెట్టాక ఇది దేన్ని పట్టుకుని నిలబడుతుంది? నీళ్లకు చూపించావా?"

నీళ్లకు చూపించడమంటే మా ఇళ్లలో మాట. ఏ కొత్త రకం నేసినా ముందు జానెడు ముక్క నేసి, దారాలు కత్తిరించి, బకెట్లో నానబెట్టి, పిండి ఆరేసి చూస్తారు. పడుగుకు పెట్టిన గంజి ఉన్నంతవరకు ఎలాంటి పోగైనా బుద్ధిగానే ఉంటుంది. గంజి వదిలాకే దాని సంగతి తెలుస్తుంది. నేను చూపించలేదు. కట్లు తీసేసి మొదట నేసి చూసుకున్న ముక్క అలమారలోనే ఉంది, బకెట్టు దొడ్లోనే ఉంది. టైము లేక కాదు. భయమేసి చూపించలేదు. ఆ పువ్వు నిలవదేమోనని నాకు లోపల అనుమానం ఉంది, అది నిజమని తేలడం నాకు ఇష్టం లేదు.

"చూపించానక్కా. ఏం కాలేదు" అన్నాను.

"అయితే సరే. ఎందుకైనా మంచిది, వెనక పావంగుళం వదిలి కత్తిరిస్తాను."

"వద్దొద్దు. గుచ్చుకుంటుందని మేడం గారు మరీ మరీ చెప్పారు. మొదలంటా కత్తిరించెయ్యి."

మేడం గారు ఏమీ చెప్పలేదు. చీర నున్నగా ఉంటే ఇంకా బాగుంటుందని నా యావ. అక్క ఇంకోసారి చీర వైపు, నా వైపు చూసింది. "నువ్వు చూపించానన్నావు కాబట్టి" అంది. గుమ్మంలో వెలుతురు చూసుకుని కూర్చుని, మూడు రోజులు ఒంచిన మెడ ఎత్తకుండా కత్తిరించింది.

ఉమామహేశ్వరి గారు చీరను కాలేజీకి తీసుకెళ్లి అందరికీ చూపించారు. తోటి లెక్చరర్లు నలుగురు మాకూ కావాలన్నారు. చేనేత దినోత్సవానికి కాలేజీలో నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. శాలువా పాలిస్టరు, మిషన్ మీద నేసింది. అయినా రెండు రోజులు కుర్చీ మీద మడత పెట్టి ఉంచుకుని వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

శ్రావణ మంగళవారం మోపిదేవి ప్రయాణం. "మీ చేతి చలవ వెంకటపతి గారూ, మీరూ రావాల్సిందే" అని మేడం గారు కారులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. చల్లపల్లి దాటేదాకా పొగుడుతూనే ఉన్నారు. గాయత్రి పెద్దగా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం అడిగింది.

"ఇవి ఎన్ని పువ్వులండీ?"

"నూట ఎనిమిదమ్మా."

"నిజంగానా?" అని ఆ పిల్ల మొహం ఒక్కసారి విప్పారింది. పైట ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చుంది.

గుడి దగ్గర బిందెతో తల మీంచి నీళ్లు గుమ్మరించుకుని, తడిచీరతో ప్రదక్షిణలు మొదలుపెట్టింది. నేను ఒక పక్కగా నిలబడ్డాను. రెండు తిరిగింది, బాగానే ఉంది. మూడోసారి నా ముందు నుంచి వెళ్లాక బండ మీద ఏదో మెరిసింది. వంగి తీశాను. జరీ పోగు, అంగుళం ముక్క. రెండడుగుల అవతల ఇంకోటి. తలెత్తి చూస్తే ఆ పిల్ల నడిచిన దారంతా అవే. గంజి వదిలిపోయింది, జరీ జారిపోతోంది. పైట మీద పువ్వులు రేకు రేకుగా ఊడి, పోగులు కొన్ని ఆ అమ్మాయి తడి జుట్టుకు, కొన్ని వెనక తిరుగుతున్న ఆడవాళ్ల పాదాలకు అంటుకుంటున్నాయి.

"అమ్మాయ్, నీ చీర విడిపోతోందమ్మా" అందొకావిడ.

ఇంకొకావిడ పక్కామెతో, "మొక్కు చీరకు ఇలా జరగకూడదు" అంది. గొంతు తగ్గించే అంది గానీ అందరికీ వినపడింది.

గాయత్రి ఆగలేదు. ఊడిన పోగులన్నీ గుప్పెట్లో పట్టుకుని, పదకొండు ప్రదక్షిణలూ పూర్తి చేసింది. వచ్చి తల్లి పక్కన నిలబడి గుప్పెట విప్పి చూసుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఉమామహేశ్వరి గారు నా దగ్గరికి వచ్చారు. "ఏమిటిది వెంకటపతి గారూ?"

కోపంగా కూడా అడగలేదండీ ఆవిడ. నా ప్రయోగం చెడిందమ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నా బుద్ధి గడ్డి తింది.

"నేతలో తేడా ఏం లేదండీ. దారాలు కత్తిరించినావిడ మొదలంటా కత్తిరించేసింది. పెద్దావిడ, కళ్లు సరిగ్గా ఆనడం లేదు, ఎంత చెప్పినా వినదు."

కళ్ల సంగతి ఆవిడ అడగలేదు. అది నేనే కలిపాను.

ఆ మాట నాకంటే ముందే పెడన చేరింది. మా వీధిలో సగం మగ్గాలకు పనిచ్చే షావుకారు గంగన్న గారికి మేడం గారు బాగా తెలుసు. ఆయన వచ్చి నన్నే అడిగాడు, "రాజకుమారి కత్తెర పాడుచేసిందటగా, నిజమేనా?" అని. నేను తల ఊపాను. నోటితో అనలేదు, తలే ఊపాను. దానికే ఏదో తగ్గినట్టు అనుకున్నాను ఆ రోజు.

భాద్రపదం వచ్చేసరికి అక్కకు పని లేదు. గంగన్న పనివ్వడం మానేశాక మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. "ఈసారికి మా కోడలు కత్తిరిస్తుందిలే అక్కా" అన్నారు.

వినాయక చవితి వెళ్లిన మూడో రోజు అక్క మా ఇంటికొచ్చింది. కొత్త కళ్లజోడు పెట్టుకుంది. అలవాటు లేక మాటిమాటికీ ముక్కు మీద సర్దుకుంటోంది.

"తమ్ముడూ, ఆ చీరది ముక్కేమైనా మిగిలిందా?"

"ఎందుకక్కా?"

"ఎక్కడ ఎక్కువ కత్తిరించానో చూపిస్తావని. బందరు వెళ్లి కళ్లు చూపించుకొచ్చాను. నా వయసుకి బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు, నేనే పట్టుబట్టి అద్దాలు రాయించుకున్నా. నీళ్లకు చూపించి మరీ ఇచ్చావు, నేను పాడుచేశాను. ఆ పిల్ల మొక్కు నా చేతిలో చెడిందిరా. మంగళవారం మంగళవారం దాని పేరు చెప్పి దీపం పెడుతున్నా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకూ చెడ్డపేరు తెచ్చాను."

నేనేమన్నానో తెలుసా?

"పోనీలే అక్కా, ఎవరికైనా జరిగేదే" అన్నాను.

ఆవిణ్ని క్షమించాను. అర్థమవుతోందా మీకు? నేను, ఆవిణ్ని, క్షమించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ మనసు మంచిదిరా" అని వెళ్లిపోయింది.

వంటింట్లోంచి భ్రమరాంబ అంతా వింది. అలమార తెరిచి, కట్లు లేకుండా నేసిన ఆ ముక్క తీసుకుంది. వెనక వేలాడుతున్న దారాలు తనే కత్తిరించింది, అక్క వదులుతానన్నట్టు పావంగుళం వదిలి మరీ. నా ముందే బకెట్లో ముంచి, నాననిచ్చి, పిండి, విదిలించింది. జరీ అంతా నేల మీద రాలింది. ఆవిడ చేతిలో ఉత్త నూలు గుడ్డ మిగిలింది.

"రేపు మీరు బందరు వెళ్తున్నారు" అంది.

"వెళ్లకపోతే?"

"నేను వెళ్తాను."

రేపు రేపు అంటూ పది రోజులు తిప్పాను. ఆ పది రోజులూ నాకు అన్నం పెట్టింది గానీ నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు వెళ్లాను.

ఉమామహేశ్వరి గారు మర్యాదగానే కూర్చోమన్నారు, కాఫీ ఇచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పుకొచ్చారు.

"గాయత్రి ఆసుపత్రికి వెళ్లడం మానేసిందండీ. దేవుడే వద్దన్నాక డాక్టర్లేం చేస్తారమ్మా అంటోంది. ఎంత చెప్పినా వినదు."

కప్పు కింద పెట్టేశాను. అంతా చెప్పాను. కట్లు తీసెయ్యడం, నీళ్లకు చూపించకపోవడం, చూపించానని అబద్ధం చెప్పడం, మొదలంటా కత్తిరించమని నేనే అనడం. చెబుతున్నంతసేపూ ఆవిడ నన్నే చూస్తూ ఉన్నారు, నేను నేల చూస్తూ ఉన్నాను.

"నేను ఆ మనిషి పేరు కూడా అడగలేదు" అన్నారు చివరికి. "పేరు తెలియని మనిషిని పదిమందిలో తిట్టుకొచ్చాను, మీ మాట నమ్మి."

ఫోను తీసి కూతురికి కలిపి నా చేతికిచ్చారు. "దానికి కూడా మీరే చెప్పండి."

"గాయత్రమ్మా, ఆ రోజు తప్పు నాదమ్మా. నేత తప్పు. దేవుడిది కాదు, ఇంకెవరిదీ కాదు" అన్నాను.

"ఈ మాట ఆ రోజు గుళ్లోనే ఎందుకు చెప్పలేదండీ?" అంది. ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రమే గంగన్న గారిని వెంటపెట్టుకుని అక్క ఇంటికెళ్లాను. ఒక్కణ్నే వెళ్తే చెప్పీ చెప్పనట్టు చెప్పి బయటపడతానని నా మీద నాకే నమ్మకం లేదు. అక్క అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. అటూ ఇటూ ఇళ్లవాళ్లు గుమ్మాల్లో ఉన్నారు. నిలబడే చెప్పాను, అందరికీ వినపడేలాగే చెప్పాను.

అక్కకు మొదట అర్థం కాలేదు. తర్వాత చేట పక్కన పెట్టింది.

"అయితే నా చేతిలో లోపం లేదా?"

"లేదక్కా."

"ఏమ్మా, విన్నారా?" అని పక్కింటివాళ్ల వైపు తిరిగింది. మొహం అంతా నవ్వు. చిన్నపిల్లలా నవ్వింది. "నా కత్తెర తప్పు కాదట! గంగన్న గారూ, విన్నారుగా? నేను చెడగొట్టలేదట!" ఆవిడకు నా మీద కోపం రావాలన్న సంగతే గుర్తు రాలేదు. నలభై రోజులుగా తన చేతిని తనే నమ్మలేక కూర్చున్న మనిషి ఆవిడ. ఆ నవ్వు చూస్తుంటే, చెంప పగలగొట్టినా బాగుండు అనిపించింది.

తర్వాత మెల్లిగా ఆ నవ్వు తగ్గింది. నా వైపు చూసింది.

"నేను అద్దాలు పెట్టుకుని నీ దగ్గరికొచ్చి అడిగానే. అప్పుడూ చెప్పలేదా?"

"లేదక్కా."

"ఎవరికైనా జరిగేదే అన్నావు."

"అన్నానక్కా."

చేట ఒళ్లోకి తీసుకుని నాలుగు మట్టిబెడ్డలు ఏరింది. అప్పుడు లేచి, "లోపలికి రండి గంగన్న గారూ" అంది. నా వైపు తిరిగి, "మీరూ రండి వెంకటపతి గారూ. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్దురుగాని" అంది.

అక్కకు పని మళ్లీ వచ్చింది, ఇదివరకటికంటే ఎక్కువే వచ్చింది. గాయత్రి మళ్లీ ఆసుపత్రికి వెళ్తోందని గంగన్న గారు ఆ మధ్య అన్నారు. అంతకుమించి నాకు తెలియదు, అడిగే మొహం లేదు. బుటాలు ఇప్పుడు కట్లు వేసే నేస్తున్నాను. వాటిని కత్తిరించేదీ అక్కే. నేను తీసుకెళ్తే కుర్చీ వేస్తుంది, మంచినీళ్లిస్తుంది, చీర ఎప్పటికి కావాలో అడుగుతుంది. నేను ఇప్పటికీ "అక్కా" అనే పిలుస్తాను.

"చెప్పండి" అంటుంది.